విషపు నత్తల పరిశోధన వదిలేయాలా? – విశాఖ పాఠకురాలి ప్రశ్నకు సమాధానం

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు దీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, పనిచేసిన సంస్థ బయటపెట్టవద్దని కోరారు కనుక ఆ వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె వయసు 34. పుట్టి పెరిగింది పెదజాలారిపేటలో. తండ్రి మరబోటు మీద సరంగుగా పనిచేసి మానేశారు. తల్లి ఇప్పటికీ తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి, వేలంలో చేపలు కొని అమ్ముతారు. ఇంట్లో డిగ్రీ దాటి చదివిన మొదటి మనిషి ఈమే. పీహెచ్‌డీ అంశం శంకు నత్తల (శంకు ఆకారపు గుల్ల ఉండే సముద్రపు నత్తల) విషం. వలలో చేపలతో పాటు పడి, ఏరివేతలో చెత్తగా పక్కకు పోయే నత్తలను తండ్రికి తెలిసిన కళాసీలు బకెట్లో వేసి ఆమె కోసం ఉంచేవారు. వాటి విషనాళాలను కోసి తీసి, విషాన్ని భాగాలుగా వేరుచేసి పరీక్షించగా, పురుగులను తినే ఒక జాతి నత్త విషంలోని ఒక భాగం జీబ్రా చేపపిల్లలను కాసేపు కదలకుండా చేసి, తరువాత మళ్లీ మామూలుగా వదిలేస్తున్నట్టు కనిపించింది. ఆ ఫలితం ఇంకా అచ్చుకాలేదు. అణునిర్మాణం పూర్తిగా తేలాకే రాద్దామన్న గైడ్ ఇంతలో పదవీ విరమణ చేశారు, ప్రాజెక్టు ముగిసింది, ఫెలోషిప్ ఆగిపోయింది.

ఇప్పుడు ఆమె ముందు మూడు దారులున్నాయి. ఆస్ట్రేలియాలో ఒక పరిశోధక బృందం రెండేళ్ల పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) ఇస్తామంటోంది, వచ్చేటప్పుడు ఫ్రీజర్‌లోని విషం నమూనాలు కూడా తెమ్మంటోంది. పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ పెప్టైడ్ల (అమైనో ఆమ్లాలు వరుసగా కలిసిన చిన్న ప్రోటీన్ ముక్కలు, నత్త విషంలో ఉండేవీ ఇవే) విశ్లేషణ విభాగంలో ఉద్యోగం ఇస్తోంది, జీతం ఫెలోషిప్‌కు రెట్టింపు పైమాటే. మూడోది, ఇక్కడే ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెప్పుకుంటూ, మరో ఫెలోషిప్ కోసం ప్రయత్నిస్తూ ఉండిపోవడం. పోర్టులో ఉద్యోగం చేసే భర్త "వెళ్లు, కానీ బాబును ఇక్కడే ఉంచు" అంటున్నారు. బాబుకు నాలుగేళ్లు. చోడవరం దగ్గర వరి పండించే మామగారు "ఈ నత్తల విషంతో ఎవరికి ఏం ఒరిగింది?" అని నలుగురి ముందూ అడుగుతున్నారు. తల్లికేమో భయం, "బిడ్డ తల్లివి, విషంతో ఆటలేమిటి" అంటారు. ఉత్తరం చివర ఆమె ప్రశ్న: "ఇన్నేళ్లు పెట్టిన చదువును వదిలేస్తే తప్పు చేసినట్టా? వదలకపోతే స్వార్థమా?"

సమాధానం:

మీ ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యంలో ముగించిన విషయంతో మొదలుపెడతాను, ఎందుకంటే అన్నిటికంటే ముందుగా చిక్కు తెచ్చేది అదే. నమూనాలు తెమ్మన్నారని రాశారు. దయచేసి వాటిని డ్రై ఐస్‌లో పెట్టుకుని విమానం ఎక్కకండి, కొరియర్‌లోనూ పంపకండి. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం మన దేశపు జీవవనరులను పరిశోధన కోసమైనా విదేశీ సంస్థకు అప్పగించాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ముందస్తు అనుమతి కావాలి. మీరు భారతీయురాలు కనుక ఇక్కడ ఉండి పరిశోధన చేసినంతకాలం ఆ అనుమతితో మీకు పని పడలేదు. అందుకే ఈ సంగతి మీ దృష్టికి రాకపోయి ఉండవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఆమోదం పొందిన ఉమ్మడి పరిశోధన ప్రాజెక్టు అయితే చట్టంలో మినహాయింపు ఉంది కానీ, మీది అటువంటిదని మీరు ఎక్కడా రాయలేదు. పైగా ఆ నమూనాలు మీ చేతులతో సేకరించినవే అయినా మీ సొంత ఆస్తి కావు, మీరు పనిచేసిన సంస్థవి. నత్త జాతిని కూడా ఒకసారి సరిచూసుకోవాలి. కోనస్ మిల్నెఎడ్వర్డ్సై వంటి జాతి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జాబితాలో ఉంది. వలలో దానంతట అదే పడిందన్న మాట అక్కడ పనికిరాదు.

విదేశీ బృందం మిమ్మల్ని మోసం చేస్తోందని నేను అనడం లేదు. చాలామంది శాస్త్రవేత్తలు ఇలాంటివి ఆలోచించకుండా అడిగేస్తారు. జీవవనరుల వాడకం, వాటి లాభాల పంపిణీ మీద దేశాలు చేసుకున్న నగోయా ఒడంబడిక 2014లో అమలులోకి వచ్చాక, నమూనా ఎక్కడిది, ఎవరి అనుమతితో వచ్చింది అనే కాగితాలు బయటి దేశాల్లోనూ అడుగుతున్నారు కనుక, మీరు ఈ సంగతి ముందుగా ప్రస్తావిస్తే వారికే మేలు. "నమూనాలు లేకుండా వస్తే నాకు అక్కడ పని ఏమిటి?" అని ఒక్క ఈమెయిల్ రాయండి. వచ్చే జవాబును బట్టి వారికి కావలసింది మీరా, మీ ఫ్రీజరా అన్నది తేలిపోతుంది. మీ నిర్ణయంలో సగం ఆ జవాబులోనే ఉంది.

నిజానికి నమూనాలు వెంట తీసుకువెళ్లవలసిన అవసరమే ఇప్పుడు తగ్గింది. ఒక తరం క్రితం ఒక్క పెప్టైడ్ తేల్చడానికి వందల నత్తలను కోయవలసి వచ్చేది. ఇవాళ ఒక్క విషనాళంలోని ఆర్‌ఎన్‌ఏ నుంచే పెప్టైడ్ల వరుసలు చదవవచ్చు, వరుస తెలిస్తే ఆ పెప్టైడ్‌ను ప్రయోగశాలలో తయారు చేయించవచ్చు. మీ వరుస ఒకసారి పత్రికలో అచ్చయితే, ఏ దేశంలోని ప్రయోగశాల అయినా దాన్ని కృత్రిమంగా తయారు చేసుకుని పరీక్షించవచ్చు. పరిశోధన పత్రం ప్రచురించడం ఈ చట్టం నిషేధించిన బదిలీ కిందికి రాదు. అయితే పేటెంట్ ఆలోచన ఏ మాత్రం ఉన్నా ప్రచురణకు ముందే మీ సంస్థలోని మేధోసంపత్తి విభాగంతో మాట్లాడాలి. మన జీవవనరుల మీద ఆధారపడిన పేటెంట్ వ్యవహారం కూడా ఆ ప్రాధికార సంస్థ గడప తొక్కవలసిందే, అచ్చయిపోయిన తరువాత కొత్తదనం పోయిందంటారు.

అందుచేత మూడు దారుల్లో ఏది పట్టినా, ముందు ఆ పత్రం పూర్తి చేయండి. అణునిర్మాణం పూర్తిగా తేలేదాకా ఆగుదామన్న మీ గైడ్ మాటలో తప్పు లేదు, అది జాగ్రత్తగల పెద్దమనిషి మాట. కానీ ఆ మాట అన్ననాడు ఆయనకు ప్రయోగశాల ఉంది, మీకు ఫెలోషిప్ ఉంది. ఇప్పుడు రెండూ లేవు. జాతి గుర్తింపు, వేరుచేసిన భాగం, దాని ద్రవ్యరాశి, తేలినంతవరకు అమైనో ఆమ్లాల వరుస, చేపపిల్లల మీద ప్రభావం: ఒక చిన్న పత్రానికి ఇవి చాలు. నిర్మాణం రెండో పత్రం అవుతుంది. ఈ సంగతి ఆయనకు ఫోన్‌లో కాక, రాతపూర్వకంగా, గౌరవంగా, రచయితల పేర్ల వరుసతో సహా తెలియజేయండి. పెద్దవాళ్లతో ఇలాంటివి మాటల్లో తేలవు, కాగితం మీద తేలుతాయి.

ఇక మామగారి ప్రశ్న. నలుగురి ముందూ అడగడం మిమ్మల్ని నొప్పించిందని అర్థమవుతోంది. కానీ ఆ ప్రశ్నకు మీ దగ్గర మంచి సమాధానం ఉంది, మీరు చెప్పడం లేదంతే. వరిలో కాండం తొలుచు పురుగుకూ, ఆకుముడతకూ ఆయన కార్టాప్ హైడ్రోక్లోరైడ్ గుళికలు చల్లే ఉంటారు. ఆ మందు మూలం సముద్రపు విషమే. గాలానికి ఎరగా వాడే ఒక సముద్రపు పురుగు కళేబరం మీద వాలిన ఈగలు చచ్చిపోతున్నాయని గమనించి, జపాన్‌లో నిట్టా అనే శాస్త్రవేత్త 1934లో దాని నుంచి నెరీస్‌టాక్సిన్‌ను వేరుచేశారు. ఆ అణువును నమూనాగా తీసుకుని 1960లలో తయారు చేసినదే కార్టాప్. మీ నత్తలు తినేది కూడా సముద్రపు పురుగులనే కనుక, ఆ విషం పురుగుల నాడుల మీద ఎలా పనిచేస్తుందన్నది రైతుకు సంబంధం లేని ప్రశ్న కాదు. రేపే మందు వస్తుందని మాత్రం ఆయనకు మాట ఇవ్వకండి.

ఎందుకంటే ఈ రంగంలో కాలం ఎలా గడుస్తుందో మీకు తెలుసు. శంకు నత్తల నుంచి వచ్చిన ప్రసిద్ధమైన మందు జికోనొటైడ్. కోనస్ మేగస్ అనే నత్త విషంలో ఆ పెప్టైడ్‌ను మొదట వేరుచేసింది మైకేల్ మెకింతాష్. అప్పటికి ఆయన హైస్కూలు దాటి కాలేజీలో అడుగుపెట్టిన కుర్రవాడు. 25 అమైనో ఆమ్లాల ఆ చిన్న పెప్టైడ్ నాడుల చివర ఉండే ఒక రకం కాల్షియం మార్గాలను మూసి నొప్పి సంకేతాన్ని ఆపుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది 2004 డిసెంబరులో. అంటే కుర్రవాడి చేతికి దొరికిన పెప్టైడ్ రోగికి చేరేసరికి రెండు దశాబ్దాలు దాటిపోయింది. అదీ మాత్ర రూపంలో కాదు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి పంపు ద్వారా ఇవ్వాలి. మానసికమైన దుష్ప్రభావాలు ఉన్నందున అందరికీ వాడరు కూడా. మీ జీవితాన్ని ఒక మందు రావడం మీద పందెం కాస్తే నిరాశే మిగులుతుంది. ఒక ప్రశ్నకు జవాబు వెతకడం మీద పెడితే, ఆ పని మీ జీవితకాలంలో ముగిసేదే.

అదే కథలో మీకు దగ్గరగా వచ్చే భాగం ఇంకొకటి ఉంది. ఆ పరిశోధనకు ఆద్యుడు బాల్డొమెరో ఒలివెరా ఫిలిప్పీన్స్ వాడు. అమెరికాలో డీఎన్‌ఏ మీద పనిచేసి మనీలాకు తిరిగి వచ్చేసరికి అక్కడ ఆ పనికి పరికరాలు లేవు. చేతికందేవి ఏమిటని చూస్తే, ఆ సముద్రంలో పుష్కలంగా దొరికే శంకు నత్తలు కనిపించాయి. ఆయన తరువాత అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. ఆయనతో మొదటినుంచీ పనిచేసిన లూర్దెస్ క్రజ్ యూటాతో కలిసి పనిచేస్తూనే ఫిలిప్పీన్స్‌లో ఆచార్యురాలిగా నిలబడ్డారు. వెళ్లినవారికి యంత్రాలు దొరికాయి, నిలబడినవారి దగ్గర సముద్రం ఉంది, ఇద్దరికీ ఒకరితో ఒకరికి పని పడింది. మన దేశంలోనూ బెంగళూరులోని ప్రయోగశాలలు మన తీరపు శంకు నత్తల పెప్టైడ్లను పరిశీలించాయి. బెంగళూరుకు సముద్రం లేదు. తెల్లవారుజామున ఏ బోటు ఏ లోతు నుంచి ఏం తెచ్చిందో, ఆ బకెట్ ఎవరి చేతిలో ఉందో చెప్పగలిగేది మీలాంటివారే. జీతం పట్టికలో దానికి గడి ఉండదు కనుక మీరు దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదని నాకు అనిపిస్తోంది.

ఈ దృష్టితో చూస్తే ఆస్ట్రేలియా దారి ఇలా ఉంటుంది. ద్రవ్యరాశి విశ్లేషణ, పెప్టైడ్ తయారీ, నాడీకణాల మీద విద్యుత్ కొలతలు మీరు స్వయంగా నేర్చుకుంటారు, మంచి పత్రాలు వస్తాయి. రెండేళ్ల తరువాత తిరిగి వస్తే ఇక్కడ పోస్టు సిద్ధంగా ఉంటుందన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వరు. తీరంతో సంబంధం మధ్యలో తెగకుండా ఉండాలంటే, మీరు లేనప్పుడు బకెట్ తీసుకునే ఒక విద్యార్థినో విద్యార్థినినో ఇప్పుడే తయారు చేసి వెళ్లాలి. రెండేళ్లకు బదులు ఏడాది ఒప్పందం, లేదా ఆరేసి నెలల చొప్పున రెండు విడతలు సాధ్యమేమో కూడా అడగండి. అడిగితే పోయేదేమీ లేదు, అడగనివారికి ఎవరూ ఇవ్వరు.

బాబు గురించి మీ భర్త అన్న మాటను మీరు అనుమతిగా తీసుకున్నారు. నాకు అది షరతుగా వినిపించింది. మీరు వెళ్లడం ఆయనకు ఇష్టమా, బాబు ఆయనకు దూరం కావడం ఇష్టం లేదా, లేక పోర్టు ఉద్యోగం పోతుందన్న భయమా? ఇవి మూడు వేర్వేరు విషయాలు. జీతం లేని సెలవు మీద కొన్ని నెలలు ఆయనే అక్కడికి వచ్చే వీలుందా అన్నది మీరిద్దరూ ఎప్పుడైనా మాట్లాడుకున్నారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. నాలుగేళ్ల పిల్లవాడిని రెండేళ్లు విడిచి ఉండటం మీవల్ల కాదనిపిస్తే, అది పరిశోధన మీద ప్రేమ తక్కువని రుజువు కాదు. వీలవుతుందనిపిస్తే, తల్లి ప్రేమ తక్కువనీ కాదు. ఇంతకు మించి నేను చెప్పగలిగింది లేదు. ఆ మాట మీ ఇంట్లో తేలవలసిందే.

పరవాడ ఉద్యోగాన్ని మీరు ఓటమిగా రాశారు. నేను అలా అనుకోవడం లేదు. మధుమేహానికీ బరువు తగ్గడానికీ ఇప్పుడు విరివిగా వాడుతున్న జీఎల్‌పీ-1 తరగతి మందులు పెప్టైడ్లే. ఆ తరగతిలో మొట్టమొదట, 2005లో, అనుమతి పొందిన ఎక్సెనటైడ్‌కు మూలం కూడా ఒక విషపు బల్లి స్రావంలో దొరికిన పెప్టైడ్. మీరు నత్త విషంతో నేర్చుకున్న శుద్ధి, విశ్లేషణ అక్కడ సరిగ్గా అక్కరకు వచ్చే పనులు. నెలనెలా జీతం వస్తే ఇంట్లో చాలా మాటలు వాటంతట అవే ఆగిపోతాయి, అదీ చిన్న విషయం కాదు. అయితే ఒప్పందంలో రెండు నిబంధనలు చదవకుండా సంతకం పెట్టకండి. మీరు చేసే ఏ ఆవిష్కరణ అయినా కంపెనీదే అనే నిబంధన మీ పాత పరిశోధనకు కూడా వర్తిస్తుందా? బయటి పత్రాలు ప్రచురించడానికి అనుమతి తీసుకోవాలా? పాత ఫలితాలను మినహాయిస్తూ ఒక వాక్యం రాతపూర్వకంగా చేర్చమనండి. నైట్ షిఫ్టులూ, నగరం నుంచి పరవాడకు రాకపోకలూ కలిపి చూస్తే, సాయంత్రాలు కూర్చుని పత్రాలు రాసుకుంటాననే ఆశ నెరవేరడం కష్టం. రెండు మూడేళ్లు గడిచాక అకడమిక్ పరిశోధనలోకి తిరిగి రావడం అసాధ్యం కాదు కానీ, ప్రచురణలు లేని ఆ ఖాళీ గురించి ప్రతి ఇంటర్వ్యూలోనూ అడుగుతారు. పత్రం ముందు పంపమని నేను పదేపదే అనడానికి ఇదీ ఒక కారణం.

మూడో దారిలో, అంటే కళాశాలలో పాఠాలు చెబుతూ ఫెలోషిప్ కోసం చూడటంలో, ప్రమాదం అది మెల్లగా జారిపోయే దారి కావడమే. ఈ ఏడాదీ, వచ్చే ఏడాదీ అనుకుంటూ వయసు దాటిపోతుంది. నేషనల్ పోస్ట్‌డాక్టొరల్ ఫెలోషిప్‌కు వయోపరిమితి 35, మహిళలకు అయిదేళ్ల సడలింపు ఉంది. తాజా ప్రకటన చూసుకుని దరఖాస్తు చేయండి. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం మహిళల కోసం నడిపే వైజ్-కిరణ్ పథకాలనూ చూడండి. ఆతిథ్య సంస్థ కోసం దూరం పోనక్కరలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం ఈ నగరంలోనే ఉన్నాయి. ఈ దారి పట్టేటట్టయితే ఒక గడువు పెట్టుకోండి, ఆ గడువు మీ భర్తకు కూడా తెలిసి ఉండాలి. రెండు దరఖాస్తు విడతల్లో ఏదీ రాకపోతే పరవాడ వైపు వెళతానని ముందే అనుకుంటే ఇంట్లో రోజూ వాదన ఉండదు.

నా మొగ్గు ఎటో దాచను. నమూనాలు లేకుండా, తక్కువ కాలానికి ఆస్ట్రేలియా ఒప్పుకుంటే ఆ దారి మంచిదనిపిస్తోంది. ఒప్పుకోకపోతే పరవాడకూ ఫెలోషిప్‌కూ మధ్య తేడా డబ్బు అవసరం ఎంతన్న దాని మీద ఆధారపడుతుంది, ఆ లెక్క మీ ఉత్తరంలో లేదు. స్వార్థమా అని అడిగారు. ఇంటికి ఎంత కావాలో, అందులో మీ జీతం లేకుండా ఎంత గడుస్తుందో భార్యాభర్తలిద్దరూ కూర్చుని లెక్క వేశాక కూడా ఆ ప్రశ్న మిగిలితే మళ్లీ రాయండి. బహుశా మిగలదు.

మీ అమ్మగారి భయం గురించి చివర్న రాస్తున్నాను కానీ తేలికగా తీసుకుని కాదు. ఆమె భయం అజ్ఞానం కాదు. కోనస్ జియోగ్రఫస్ అనే నత్త కాటుకు మనుషులు చనిపోయారు, దాని విషానికి విరుగుడు మందు లేదు, ఊపిరి ఆగకుండా ఆసుపత్రిలో కృత్రిమ శ్వాస ఇచ్చి కాపాడుకోవడమే చికిత్స. పురుగులను తినే జాతులు మనిషికి సాధారణంగా అంత ప్రమాదం కావు కానీ, బకెట్లో పడిన నత్త ఏ జాతిదో చూసి గుర్తించేలోపు చెయ్యి పెట్టకూడదు. గుల్లను వెడల్పు వైపు పట్టుకుంటే క్షేమం అనే మాట నమ్మదగినది కాదు, దాని తొండం సాగి గుల్ల మీద చాలా దూరం అందుకోగలదు. బతికున్నదాన్ని పొడవాటి పటకారుతో మాత్రమే తీయాలి, ఎండబెట్టిన విషం పొడిని మూత తెరిచి తూచేటప్పుడు మాస్కూ గ్లౌజులూ ఉండాలి. మీరు పనిచేసిన ప్రయోగశాలలో ఇవన్నీ ఉన్నాయని ఆమెకు నోటితో చెప్పడం కంటే, ఒకరోజు వెంట తీసుకువెళ్లి చూపించండి. చేపలు ఏరే ఆడవాళ్ల చేతులు రోజూ ఆ కుప్పల్లోనే ఉంటాయి కనుక, ఏ రంగు, ఏ మచ్చల గుల్ల ముట్టకూడదో మీరు నేర్పితే హార్బర్‌లో ఆమె నలుగురికి చెబుతారు.

మరొక్క పని ఉంది, అది ఈ వారంలోనే చేయవలసింది. మీ నమూనాలున్న ఫ్రీజర్ ఇప్పుడు ఎవరి బాధ్యతలో ఉందో మీరు రాయలేదు. ప్రాజెక్టు ముగిశాక అలాంటి ఫ్రీజర్లకు యజమాని ఉండడు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరువాత ఈ నగరంలో రోజుల తరబడి కరెంటు లేదన్నది మీకు గుర్తుండే ఉంటుంది. సంస్థ అనుమతితో విషం భాగాలను ఫ్రీజ్ డ్రై చేయించి (గడ్డకట్టించి, తేమ తీసేసి పొడిగా మార్పించి), కొంత అక్కడే ఉంచి, కొంత నగరంలోనే మరో సంస్థలో భద్రపరచండి. ప్రతి సీసా మీద జాతి, తేదీ, బోటు, లోతు రాసి, ఆ పట్టిక నకలు ఒకటి మీ దగ్గరా, ఒకటి మీ గైడ్ దగ్గరా ఉంచుకోండి. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుంది, ఆ రెండు నెలలూ కొత్త నత్తలు రావు. పత్రం రాయడానికి ఆ సమయం సరిపోతుంది.